కాలు చాపే రూలు

కృష్ణ అవతల ఆడవాళ్ళకు బస్సు ఉచితం చేసిన కొత్తల్లో కారంపూడి బస్టాండులో ఏ ఇద్దరు ఆడవాళ్ళు కలిసినా అదే మాట. అవతల ఇచ్చారంట, మనకెందుకివ్వరు? మా మేనత్త హాలియాలో ఉంటుంది. సాగర్ దాకా దర్జాగా టికెట్ లేకుండా వచ్చి, డ్యాము ఇవతల బస్సెక్కి టికెట్ తీసుకోవాల్సి వచ్చేసరికి ఆమెకు ఒళ్ళు మండిపోయేది. మా ఇంట్లో మంచినీళ్ళు తాగేదాకా సణుగుతూనే ఉండేది. కొన్నాళ్ళకు మాకూ వచ్చింది. ఆ రోజు బస్టాండులో ఒక పెద్దావిడ, వాళ్ళను చూసి మనవాళ్ళకు బుద్ధొచ్చింది అని తీర్పు చెప్పి బస్సెక్కింది.

నేను గురజాలలో ఒక స్కూల్లో హిందీ చెబుతాను. స్టాఫ్ రూములో పేపర్ చదివే అలవాటు. ప్రభుత్వాలు ఒకదాన్ని చూసి ఒకటి ఎలా నేర్చుకుంటాయో అందులో అప్పుడప్పుడు పెద్ద వ్యాసాలొస్తాయి. అధికారుల బృందం వెళ్ళింది, అధ్యయనం చేసింది, నివేదిక ఇచ్చింది అని రాస్తారు. అదంతా నిజమే అయ్యుంటుంది. నేను కళ్ళారా చూసిన పథకం మాత్రం ఈ రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి స్లీపర్ బోగీలో వెళ్ళింది. దాని సామాను నాలుగు చీరలు, ఒక డబ్బా కారప్పొడి, చింతపండు, మోకాలికి రాసుకునే మందు. మోసుకెళ్ళింది మా అమ్మ.

అమ్మ మోకాలి కథ ముందు చెప్పాలి. నేను చిన్నదాన్నిగా ఉండగా మిరపకాయల కోతలకు ట్రాక్టర్ మీద పోతూ, గుంతలో చక్రం పడి అమ్మ కింద పడింది. కుడి మోకాలు దెబ్బతింది. నడవగలదు, పని చెయ్యగలదు, కాని ఆ కాలు మడిచి ఎక్కువసేపు కూర్చోలేదు. నాన్న నాపరాళ్ళు పరిచే మేస్త్రీ. రోజంతా మోకాళ్ళ మీద పాకుతూ పనిచేసే మనిషి కాబట్టి మోకాలి విషయంలో ఆయన మాటే చివరిమాట అనుకునేవాడు. డాక్టర్లు చెప్పింది కూడా ఆయన ఒప్పుకుంటేనే మా ఇంట్లో అమలయ్యేది.

అమ్మ డ్వాక్రా సంఘంలో మొదట్నుంచీ ఉంది. చదువు తక్కువే, నోరు మాత్రం ఉంది. ఎవరైనా మీటింగుకు రాకపోతే వాళ్ళింటి గుమ్మంలో నిలబడి, పొయ్యి మీద కూర దించేదాకా కదలకుండా ఉండి వెంటబెట్టుకొచ్చే రకం. మన దగ్గర సంఘాలు బాగా నడిచాయని ఉత్తరాది ప్రభుత్వాలకు తెలిసి, కాగితాలు చాలవు, సంఘాలు నడిపిన ఆడవాళ్ళనే పంపండి అని అడిగినప్పుడు, ఏరిన వాళ్ళలో అమ్మ కూడా ఉంది. నలుగురు చొప్పున రైలెక్కించి నెలన్నర పాటు పంపేవాళ్ళు. ఒక్కొక్కరు ఒక్కో ఊళ్ళో ఉండి, గడప గడపా తిరిగి ఆడవాళ్ళను కూడగట్టి, సంఘం పెట్టించి, మీటింగు ఎలా జరుపుకోవాలో నేర్పి రావాలి. అమ్మకు పడింది బీహార్.

ఇంట్లో పెద్ద రచ్చే అయింది. నాన్న అన్నంకంచం ముందు కూర్చుని, “ఏమే, పక్కింటామెతోనే మాట కలవదు నీకు, బీహార్లో ఏం కలుస్తది?” అన్నాడు. అమ్మ ఆయన కంచంలో ఇంకో ముద్ద ఎక్కువ వేసింది. అప్పుడు నేను హిందీ పండిట్ ట్రైనింగులో ఉన్నాను. నా చదువు ఇన్నాళ్ళకు అక్కరకొచ్చిందని సంబరపడి, రోజూ సాయంత్రం అమ్మను కూర్చోబెట్టి వాక్యాలు చెప్పించేదాన్ని. అమ్మ ఓపిగ్గా విని చివరికి, “నువ్వు నేర్పే హిందీ మాట్టాడితే వాళ్ళు లేచి నిలబడి దణ్ణం పెడతారు. నాక్కావాల్సింది కూచోబెట్టే హిందీ,” అంది. అంతటితో నా పాఠాలు అయిపోయాయి.

వద్దు వద్దంటూనే నాన్న ఒక మడత పీట చేయించుకొచ్చాడు. నేలమీద కూర్చోలేవు, దీనిమీద కూచో, కాలు మడవాల్సిన పనుండదు అని అమ్మ సంచిలో తనే సర్దాడు. సంచి మొయ్యలేనంత బరువైంది. అమ్మ తీసెయ్యలేదు.

అక్కడి సంగతులు అమ్మ ఒక్కసారిగా చెప్పలేదు. తిరిగొచ్చాక నెలల తరబడి, గోంగూర కోస్తూ, బట్టలు మడతపెడుతూ కొంచెం కొంచెంగా చెప్పింది. ఆ ఊళ్ళో ఎటు చూసినా ఆవచేలట. ఎముకలు కొరికే చలి. కోడళ్ళు గడ్డం కిందిదాకా కొంగు లాక్కుని ఉంటే, ఎవరు ఎవరో గాజులను బట్టి గుర్తు పెట్టుకోవాల్సొచ్చిందట. అత్తలు మంచం మీద కూర్చుంటే కోడళ్ళు ఒక మూల గొంతుక్కూర్చునే ఉంటారు. పొద్దున లేచిన దగ్గర్నుంచి పడుకునేదాకా పెద్దవాళ్ళ ముందు ఒక్క కోడలు కాలు చాపుకుని కూర్చోగా అమ్మ చూడలేదు.

సంఘం మీటింగుకు మొదటి కట్టుబాటు ఏమిటంటే అందరూ ఒకే చాప మీద, గుండ్రంగా, ఒకే ఎత్తున కూర్చోవాలి. కులం, వయసు, అత్త, కోడలు ఏదీ లెక్కలోకి రాదు. నేర్పడానికి వెళ్ళినామెక్కూడా కుర్చీ ఉండదు. అమ్మకు ఆ ముక్క మీద పట్టుదల ఎక్కువ. నాన్న చేయించిన పీట ఎక్కితే నలుగురికంటే ఎత్తయిపోతానని దాన్ని తాను దిగిన ఇంట్లోనే వదిలేసింది. దానిమీద ఆ ఇంటి మేకపిల్ల పడుకునేదట. ఆ సంగతి నాన్నకు ఇప్పటికీ చెప్పలేదు.

పీట లేకపోయేసరికి కాలు చాపక తప్పలేదు. ఎదుటివాళ్ళ వైపు కాలు చాపడమంటే అమ్మకు ప్రాణం పోయినంత పని. అందుకని చాపే ముందు కుడిచేత్తో మోకాలు తాకి, ఆ చెయ్యి కళ్ళకద్దుకుని, అందరికీ దణ్ణం పెట్టి, అప్పుడు మెల్లగా చాపేది. కాలు ఎవరికైనా తగిలితే మనం చేసే పనే కదా. తప్పుగా అనుకోవద్దమ్మా అని చెప్పడానికి మాటలు రాక చేత్తో చెప్పింది. ప్రతి మీటింగులోనూ అలాగే చేసింది.

అమ్మ దిగిన ఇంటి పక్కింట్లో ఒక కొత్త కోడలు ఉండేది. చానా పొడుగు పిల్ల అని అమ్మ ఎప్పుడు చెప్పినా చెయ్యి పైకెత్తి చూపించేది. ఏ గుమ్మంలో దూరినా నుదురు కొట్టుకోవడం, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వడం. ఆ పిల్ల రోజూ సాయంత్రం గిన్నెలో ఆవనూనె వేడిచేసి తెచ్చి, అడక్కుండానే అమ్మ మోకాలికి మర్దనా చేసేది. నీళ్ళు, అన్నం లాంటి తెలుగు మాటలు అమ్మ ఎన్ని నేర్పినా ఆ పిల్లకు నాలిక తిరగలేదు గాని, ఒక్క ముక్క మాత్రం పట్టుకుంది. నూనె రాసినంతసేపూ “నొప్పి తగ్గిందా?” అని అడుగుతూనే ఉండేదట. అమ్మ తగ్గిందంటే నమ్మేది కాదు, ఇంకాసేపు రాసేది.

సంఘంలో అందరికంటే ముందు నోరు విప్పింది ఆ పిల్లే. తన పేరు తాను గట్టిగా చెప్పింది కూడా ఆ పిల్లే. ఒకరోజు మీటింగు నడుస్తుండగా, అంత పొడుగు కాళ్ళు మడుచుకుని మడుచుకుని విసిగిందో, అమ్మను చూసి ఆటపట్టించాలనుకుందో, తను కూడా మోకాలు తాకి, చెయ్యి కళ్ళకద్దుకుని, కాలు చాపేసింది. ఆడవాళ్ళంతా నవ్వారు. అమ్మ కూడా నవ్వింది. సరిగ్గా అప్పుడే ఆ పిల్ల అత్త అటుగా వచ్చింది. పెద్దవాళ్ళ ముందు కోడలు కాలు చాపుకుని నవ్వుతోంది. ఆమె వచ్చి మణికట్టు పట్టుకుని లేపి, చాప మీద నుంచి ఇంటికి నడిపించుకుపోయింది.

మర్నాటి నుంచి ఆ ఇంటి తలుపు అమ్మకు తెరవలేదు. ఆంధ్రా వాళ్ళు కోడళ్ళకు మర్యాద లేకుండా చేస్తున్నారని ఊళ్ళో మాట పుట్టింది. చివరి మీటింగుకు చాప పరిస్తే అందులో మూడొంతులు ఖాళీ. వచ్చిన వాళ్ళు కూడా తలవంచుకుని కూర్చున్నారు. ఆ మర్నాడే అమ్మ రైలెక్కాలి. పక్కింటి గుమ్మం ముందు కాసేపు నిలబడి, ఎవరూ బయటికి రాకపోతే వచ్చేసింది.

గుంటూరు స్టేషన్లో అమ్మను దించుకోవడానికి నాన్నా నేనూ వెళ్ళాం. అమ్మ చిక్కిపోయి ఉంది. సంచి తేలిగ్గా ఉందేందని నాన్న అడిగితే, బస్సు పోతుందని తొందరపెట్టింది. బస్సులో సత్తెనపల్లి దాటాక నెమ్మదిగా, “నా కాలే ఆ సంఘాన్ని ముంచిందయ్యా. ఆ పిల్లని ఏం చేశారో ఏమో,” అంది. నాన్నకు ఎగతాళి ఎప్పుడు ఆపాలో తెలుసు. కిటికీ మూసి, తన కండువా తీసి అమ్మ మోకాలి మీద కప్పాడు.

తర్వాత అమ్మను ఎన్నిసార్లు పిలిచినా మళ్ళీ వెళ్ళలేదు. కాలు బాగాలేదని చెప్పేది. తనతో రైలెక్కినవాళ్ళు రాజస్థాన్ వెళ్ళొచ్చారు, ఇంకెక్కడెక్కడికో వెళ్ళొచ్చారు, అక్కడ ఎన్ని సంఘాలు పెట్టించారో చెప్పుకునేవాళ్ళు. అమ్మ వినేది. మీటింగులో మాత్రం గోడ వారకు జరిగి, కాలు ఎవరికీ కనపడకుండా కూర్చోవడం మొదలుపెట్టింది. టీవీలో బీహార్ అని వినపడితే మమ్మల్నందర్నీ గమ్మునుండమనేది. వరదలంటే వరదలు, ఎన్నికలంటే ఎన్నికలు, ఏదైనా సరే చూసేది. ఆ పిల్లకు సొంత ఫోన్ లేదు. ఇంట్లో మగవాళ్ళ నంబరు అడిగే ధైర్యం ఆ రోజు అమ్మకు లేకపోయింది. ఆవనూనె మంచిదని అమ్మ ఎప్పుడో ఒకసారి అన్నందుకు నాన్న నరసరావుపేటలో కొట్టుకొట్టూ తిరిగి తెచ్చాడు. అమ్మ సీసా మూత తీసి వాసన చూసి మళ్ళీ మూత పెట్టేసింది. ఆ సీసా చాలాకాలం అటక మీదే ఉంది.

ఇదంతా జరిగి ఏళ్ళయింది. కిందటి చలికాలంలో సంఘాల పని చూసే మేడమ్ నాకు ఫోన్ చేసింది. జార్ఖండ్ నుంచి కొంతమంది ఆడవాళ్ళు మన సంఘాలు చూడటానికి వస్తున్నారు, కారంపూడి కూడా వస్తారు, నువ్వొచ్చి వాళ్ళ మాట మాకూ మా మాట వాళ్ళకూ చెప్పాలి అంది. నాకు ఒప్పుకోవడం కష్టం కాలేదు. అమ్మను ఒప్పించడమే కష్టమైంది. ఉత్తరాది అన్న మాట వినగానే నేను రానంటే రానని కూర్చుంది. నాన్నే దారి చూపించాడు. “వాళ్ళది బీహార్ కాదు గదే, నిన్నెవరు పట్టుకుంటారు? మూల కూచోని టీ తాగి రా,” అన్నాడు. టీ కోసం కాదు గాని, తన సంఘం మీటింగుకు తనే పోకపోతే ఎట్టా అని బయల్దేరింది.

వచ్చినవాళ్ళ కోసం హాల్లో ప్లాస్టిక్ కుర్చీలు వేశారు, మాకు కింద జంపఖానా పరిచారు. వాళ్ళు కుర్చీల వైపు చూడను కూడా చూడలేదు. చెప్పులు బయట విడిచి, వచ్చి మా వాళ్ళ మధ్య మధ్య కూర్చుని గుండ్రం పూర్తిచేశారు. ముసలివాళ్ళున్నారు, నిండా పాతికేళ్ళు లేనివాళ్ళూ ఉన్నారు. మేడమ్ స్వాగతం చెప్పబోతుండగా వాళ్ళంతా ఒక్కసారి కుడిచేత్తో మోకాలు తాకారు. చెయ్యి కళ్ళకద్దుకున్నారు. చుట్టూ దణ్ణం పెట్టారు. కుడికాళ్ళు చాపారు.

మా వాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. నా వెనక ఎవరో, ఏంది, అందరికీ మోకాళ్ళ నొప్పులేనా అని గొణిగారు. నేను అమ్మ వైపు చూశాను. గోడ వారన కూర్చున్న మనిషి గోడ వదిలి ముందుకు వంగింది. చేతిలో టీ గ్లాసు ఒరిగి చీర మీద ఒలుకుతోంది. దాన్ని పక్కన పెట్టడం కూడా తోచలేదు.

ఇదేమిటని నేనే అడిగాను. వాళ్ళలో పెద్దావిడ ఆశ్చర్యపోయింది. ఇది మీ దగ్గర్నుంచి వచ్చిందే కదా అంది. మా ఊళ్ళో సంఘం పెట్టించడానికి బీహార్ నుంచి ఒక దీదీ వచ్చింది, ఆమె మొదట నేర్పింది ఇదే అంది. ఇంట్లో పెద్దవాళ్ళ ముందు కోడళ్ళు కాలు చాపరు. మీటింగు జరిగే ఆ గంట మాత్రం అత్తయినా కోడలైనా చాపాల్సిందే. చాపకపోతే మీటింగుకు వచ్చినట్టు కాదు. మా అత్తగార్లు ముందు ఒప్పుకోలేదు. ఇది ఆంధ్రా రూలు, సంఘాలు అక్కడే బాగా నడిచాయి, అక్కడ అందరూ ఇలాగే కూర్చుంటారు అని దీదీ చెప్పాక ఇక ఎవరూ నోరెత్తలేదు. అదంతా చెప్పి ఆమె మా వాళ్ళ మడిచిన కాళ్ళ వైపు ఒకసారి చూసి, మరి మీరెందుకు చాపలేదు అని అడిగింది.

ఆ ప్రశ్న తెలుగులోకి మార్చేసరికి మా వాళ్ళంతా తమ కాళ్ళ వైపు చూసుకున్నారు. నేను జవాబు చెప్పడానికి నోరు తెరిచాను. అది రూలు కాదమ్మా, మా అమ్మకు ట్రాక్టర్ మీద నుంచి పడితే వచ్చిన నొప్పి అని హిందీలో వాక్యం కూడా కట్టుకున్నాను. అమ్మ ఎప్పుడు లేచి వచ్చిందో, నా పక్కన కూలబడి నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

“చెప్పమాక,” అంది.

తర్వాత మోకాలు తాకింది. చెయ్యి కళ్ళకద్దుకుంది, దణ్ణం పెట్టింది. ఇన్నేళ్ళుగా గోడ వారన దాచుకున్న కాలు గుండ్రం మధ్యకు చాపింది. మా వాళ్ళు కాసేపు తటపటాయించారు. అమ్మ పక్కనున్నామె నవ్వుకుంటూ చాపింది. ఆమెను చూసి ఇంకొకామె, ఆమెను చూసి ఇంకొకామె. మేడమ్ చుట్టూ చూసి, ఫైలు పక్కన పెట్టి, తనూ చాపింది. కారంపూడిలో ఆ పథకం అమలైంది అప్పుడే. నాకు ఏడుపూ నవ్వూ రెండూ ఒకేసారి వచ్చాయి, ఏది ముందో తెలియలేదు.

ఆ దీదీ ఎట్టా ఉంటది, అడుగు అంది అమ్మ. అడిగాను. పెద్దావిడ జవాబు చెప్పేలోపే చిన్నవాళ్ళు నవ్వారు. ఒకమ్మాయి లేచి నిలబడి చెయ్యి తన తలకు పైగా ఎత్తి చూపించింది. మా ఇంట్లో ఏ గుమ్మమూ ఆమెకు చాలదు, వచ్చిన ప్రతిసారీ తల కొట్టుకుంటుంది అంది. ఆ మాట అమ్మకు నేను తెలుగులో చెప్పాల్సిన పని లేకపోయింది.

అత్తగారు బతికుందా అని అమ్మ అడిగించింది. బతికే ఉందట, ఆ ఊరి సంఘంలో మొట్టమొదట కాలు చాపిన అత్త ఆవిడేనట. ఆవిడకూ మోకాళ్ళు పట్టేసేవని, కోడలు రోజూ ఆవనూనె రాస్తూ రాస్తూ, మీటింగుకొస్తే ఆంధ్రా రూలు ప్రకారం ఎవరి ముందైనా కాలు చాపుకోవచ్చని చెప్పి తీసుకొచ్చిందని దీదీ తానే నవ్వుతూ చెబుతుందట. అమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. “కొట్టలా అయితే,” అంది, ఎవరితోనో కాదు, తనలో తనే.

కావాలంటే ఇప్పుడే మాట్లాడండి అని ఆ అమ్మాయి ఫోన్ తీసి వీడియో కాల్ కలిపింది. సిగ్నల్ సరిగ్గా లేక కిటికీ దగ్గరికి జరిగాం. తెర మీద ముందు పసుపు రంగు కనపడింది, ఆవచేను. తర్వాత మొహం. నలభైకి దగ్గరపడిన మనిషి, తలమీది కొంగు భుజం మీదికి జారిపోయి ఉంది. ఈ అమ్మాయిలు నమస్తే దీదీ అని ఒకటే అరుపులు. ఆమె నవ్వుతూ వాళ్ళకు జవాబిస్తూ ఉండగా ఫోన్ అమ్మ చేతికొచ్చింది.

నవ్వు ఆగిపోయింది. ఆమె ఫోన్ దగ్గరికి తెచ్చుకుని చూసింది. నేను అనువాదానికి సిద్ధంగా అమ్మ భుజం పక్కనే ఉన్నాను. నమస్తే అంటుందనుకున్నాను, గుర్తున్నానా అంటుందనుకున్నాను.

“నొప్పి తగ్గిందా?” అంది.

జార్ఖండ్ వాళ్ళు, దీదీ ఏదో ఆంధ్రా మాట అంది, ఏమంది అని నన్ను అడిగారు. నేను అసలు మాట చెప్పలేదు. ఆ రూలు ఎక్కడ పుట్టిందో ఆ పిల్లకు మొదట్నుంచీ తెలుసని, తెలిసే దాన్ని ఊరూరా మోసుకు తిరిగిందని నాకు అప్పుడు అర్థమైంది. క్షేమమా అని అడిగింది అన్నాను.

అమ్మ ఫోన్‌ని మొహం దగ్గర్నుంచి దించి, జంపఖానా మీద చాపి ఉన్న కాళ్ళన్నిటి వైపూ మెల్లగా తిప్పింది. కారంపూడి వాళ్ళవి, వచ్చినవాళ్ళవి, మేడమ్‌వి, అన్నీ చూపించింది. తర్వాత మళ్ళీ మొహం దగ్గరికి తెచ్చుకుంది.

“తగ్గింది తల్లీ,” అంది.

ఆ పిల్ల ఎప్పట్లాగే నమ్మలేదు. మళ్ళీ అడిగింది.